పుస్తకం పక్కన ఉయ్యాల: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో ఈ పేజీ చివర, పిల్లల్ని పెంచుకుంటూ డిగ్రీయో పీజీయో బీఈడీయో చదువుతున్నవాళ్ళుంటే మీ ఇబ్బందులు రాయండి అని రెండే లైన్లు వేశాం, ఇన్ని ఉత్తరాలు వస్తాయని నిజంగా అనుకోలేదండీ. ఫోన్లో టైప్ చేసి పంపినవాళ్ళు కొందరు, నోట్‌బుక్ కాగితం చింపి రాసినవాళ్ళు కొందరు, ఒకావిడైతే ఉత్తరం సగంలో "బాబు లేచాడు, మళ్ళీ రాస్తా" అని ఆపేసి అలాగే పోస్టు చేసేసింది. అన్నీ చదివాక ఒక మాట దగ్గర ఆగిపోయాను, దాదాపు ప్రతి ఉత్తరంలో ఏదో ఒక మూల అది ఉంది: "కాలేజీలో ఎవరికీ చెప్పలేదు". బిడ్డ ఉన్న సంగతి కాలేజీలో దాస్తున్నారు, పరీక్ష ఉన్న సంగతి ఇంట్లో దాస్తున్నారు. ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను, వంటలూ జుట్టు రాలడం ప్రశ్నలు పంపినవాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల తప్పకుండా చూస్తా.

ప్రశ్న: మేడం నమస్తే. మాది హుజూరాబాద్ దగ్గర ఊరు. బీఈడీ ఫస్టియర్ చేస్తున్న. ఇప్పుడు నాకు ఐదో నెల. డెలివరీ, సెకండియర్‌ల స్కూల్ ఇంటర్న్‌షిప్ ఒక్కసారే వచ్చేటట్టున్నయి. కాలేజీల ఎవరికి చెప్పలే, చున్నీ అడ్డం పెట్టుకొని పోయొస్తున్న. ఆఫీసుల సార్‌ని వేరే అమ్మాయి గురించి అడిగినట్టు అడిగితే "అట్లుంటే డిస్‌కంటిన్యూ చేసుకొమ్మను" అన్నడు. మా ఆయన చదువుకొమ్మనే అంటున్నడు. నేనేం చేయాలె? (పేరు వేయొద్దన్నారు)

జవాబు: చెల్లీ, మొట్టమొదట డిస్‌కంటిన్యూ అని ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. ఆ సార్ చెడ్డ ఉద్దేశంతో అని ఉండకపోవచ్చు, కానీ ఆయన చెప్పింది ఆయనకి తేలికైన దారి, నీకు కాదు. బీఈడీకి రూల్స్ పెట్టేది ఎన్‌సీటీఈ అనే కేంద్ర సంస్థ, 2014 నాటి వాళ్ళ రూల్స్‌లో ఈ కోర్సు రెండేళ్ళదే అయినా చేరిన రోజు నుంచి మూడేళ్ళలోపు పూర్తి చేసుకోవచ్చని స్పష్టంగా ఉంది. అంటే నీకు ఒక ఏడాది చేతిలో ఉంది. ఇది ఆఫీసులో ఎవరూ తమంతట తాము చెప్పరు, నువ్వే తెలుసుకుని వెళ్ళాలి.

ఇప్పుడు అటెండెన్స్ లెక్క చూద్దాం, కాగితం పెన్ను తెచ్చుకో. క్లాసులకి 80 శాతం కావాలి, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం కావాలి. ఏడాదికి కనీసం 200 పనిదినాలు, అందులో ఇంటర్న్‌షిప్ రోజులు తీసేస్తే మిగిలిన క్లాసుల్లో ఐదో వంతుదాకా నువ్వు రాకపోయినా నిలబడతావు. అందుకే ఇప్పుడు కాస్త వికారంగా ఉందనో చుట్టాల పెళ్ళనో సెలవులు వాడేసుకోకు, ఒక్కో రోజూ దాచుకో. ఇంటర్న్‌షిప్ మాత్రం వేరే కథ, సెకండియర్‌లో అది 16 వారాలు, అందులో పది శాతం అంటే పది రోజులకి మించదు, కాన్పుకి పది రోజులు ఎక్కడ సరిపోతాయి చెప్పు. కుట్లతో, రాత్రుళ్ళు నిద్ర లేకుండా వెళ్ళి పిల్లలకి పాఠం చెప్పమని నేను నీకు చెప్పను. డేటు నిజంగానే దాని మీద పడితే ఆ ఇంటర్న్‌షిప్ ఒక్కటీ తర్వాతి బ్యాచ్‌తో చేయడానికి అనుమతి అడుగు, మిగతా పేపర్లు మామూలుగా రాసేయ్. డాక్టరమ్మ ఇచ్చిన తేదీ ఇంటర్న్‌షిప్ మొదలయ్యే తేదీకి ముందో వెనకో ఉంటే మాత్రం మీ ఊరికి దగ్గర స్కూల్ వేయమని అడుగు, ఆ లిస్టు కాలేజీలో ముందే తయారవుతుంది, తయారయ్యాక అడిగితే మార్చడం కష్టం.

ఇంకో సంగతి. 2021 డిసెంబర్‌లో యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ అన్ని యూనివర్సిటీలకి లెటర్ రాసింది, డిగ్రీ, పీజీ చదివే ఆడపిల్లలకి మెటర్నిటీ లీవు, అటెండెన్స్ సడలింపు ఇచ్చేలా మీరు రూల్స్ పెట్టుకోండి అని. జాగ్రత్తగా విను, యూజీసీ లీవు ఇచ్చేయలేదు, యూనివర్సిటీలని పెట్టుకోమంది అంతే, కాబట్టి మీ యూనివర్సిటీలో ఏం పెట్టారో అడిగి తెలుసుకోవాలి. ఏమీ పెట్టకపోయినా నీకు అడిగే హక్కు పోదు. 2023 మే నెలలో ఢిల్లీ హైకోర్టులో ఇలాంటి కేసే వచ్చింది, ఆవిడ చదివేది ఎంఈడీ, అంటే బీఈడీ తర్వాతి చదువు, 59 రోజులు మెటర్నిటీ లీవు అడిగితే యూనివర్సిటీ కుదరదంది. చదువా బిడ్డా ఏదో ఒకటి తేల్చుకో అని ఆడవాళ్ళని నిలబెట్టడం తప్పని కోర్టు చెప్పి, ఆవిడ అప్లికేషన్ మళ్ళీ చూడమని, ఆ లీవు లెక్కలోకి తీసుకుంటే థియరీలో 80 శాతం వచ్చేట్టయితే పరీక్షకి కూర్చోనివ్వమని యూనివర్సిటీకి చెప్పింది. కేరళలో అయితే 2023లో ప్రభుత్వమే 18 ఏళ్ళు దాటిన యూనివర్సిటీ విద్యార్థినులకి 60 రోజులదాకా మెటర్నిటీ లీవు ఇవ్వాలని చెప్పేసింది. మన రెండు రాష్ట్రాల్లోనూ అలా ఒక్క మాటతో అన్ని కాలేజీలకీ వర్తించేలా చెబితే నీలాంటి పిల్లలు చున్నీ అడ్డం పెట్టుకుని తిరగక్కర్లేదు, ఇది నేను ఎన్ని సంచికల్లో అయినా రాస్తాను.

ఈ వారమే ప్రిన్సిపాల్ పేరు మీద తెలుగులోనే అప్లికేషన్ రాయి. డెలివరీ ఎప్పుడు, ఏ తేదీ నుంచి ఏ తేదీదాకా రాలేవు, ఇంటర్న్‌షిప్ గురించి ఏం అడుగుతున్నావు, మూడే ముక్కలు, ఏడుపులూ బతిమాలడాలూ వద్దు. డాక్టర్ రాసిన కాగితం జిరాక్స్ వెనక పిన్ చెయ్. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ఆఫీసుకి అందినట్టు వేసే ఇన్‌వార్డ్ నంబర్, స్టాంపు వేయించుకుని నీ దగ్గర పెట్టుకో, రేపు ఎవరైనా "మాకు చెప్పలేదు" అంటే ఆ కాగితమే నీ నోరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందేమో రాయలేదు, ఉంటే మాత్రం ఒక ఏడాది అటూ ఇటూ అయితే ఏమవుతుందో ముందే సంక్షేమ శాఖ ఆఫీసుకెళ్ళి కనుక్కో.

దాచొద్దని ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేను దాచి చెడ్డదాన్ని. నా పీజీ ఫైనలియర్ పరీక్షలకి మా వాడికి నాలుగో నెల. సెంటర్ బయట వేపచెట్టు కింద మా అమ్మ వాడిని ఒళ్ళో వేసుకుని కూర్చునేది. రెండు గంటలు దాటేసరికి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయేది, కొంగు తిప్పి గట్టిగా కప్పుకునేదాన్ని, అడిషనల్ షీట్ కోసం చెయ్యెత్తితే కొంగు జారుతుందని చెయ్యి కూడా ఎత్తలేదు. ఇన్విజిలేటర్ ఆడమనిషే, తలలో మల్లెపూలు పెట్టుకుని నా బెంచీ పక్కనుంచే నాలుగైదుసార్లు వెళ్ళింది. ఒక్క మాట చెబితే ఏదో దారి చూపించేదేమో. నేను చెప్పలేదు. తెలిసిన రెండు ప్రశ్నలు వదిలేసి లేచొచ్చేశాను. నువ్వు ఆ పని చేయకు తల్లీ.

ప్రశ్న: అక్కా, మాది పలాస దగ్గర. వైజాగ్‌లో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్నాను. మా ఆయన చెన్నైలో పని చేస్తారు. పాపకి మూడేళ్ళు, మా అమ్మ దగ్గర వదిలాను. నెలకి రెండుసార్లు వెళ్తాను. పోయినసారి వెళ్తే పాప మా అమ్మని "అమ్మా" అని పిలిచి నా దగ్గరకి రాలేదు. చుట్టుపక్కలవాళ్ళు "పసిదాన్ని వదిలేసి చదువేంటి" అంటున్నారు. రాత్రి హాస్టల్ బాత్రూంలో ఏడుస్తున్నాను. మానేసి వెళ్ళిపోనా?

జవాబు: మానేయకు తల్లీ. ఆ "అమ్మా" అన్న పిలుపు గురించి ముందు చెప్తాను, అది నీకు ఎంత గుచ్చుకుని ఉంటుందో తెలుసు. మన ఇళ్ళల్లో అమ్మమ్మ చేతుల మీద పెరిగిన పిల్లలు అమ్మమ్మని అమ్మా అనడం ఎప్పట్నుంచో ఉంది, రోజూ అన్నం పెట్టే మనిషిని పిల్ల అలా పిలిచింది, అంతేగానీ నిన్ను తీసేసి కాదు. నీ దగ్గరకి రాకపోవడం అలక. మూడేళ్ళ పిల్ల "నువ్వెందుకు వెళ్ళావు" అని ఇంకెలా అడుగుతుంది?

ఒక్కటి మాత్రం మార్చుకో. పాప నిద్రపోతున్నప్పుడో పక్కింటికి పంపించో బస్సెక్కేస్తున్నావా? చాలామంది అదే చేస్తారు, ఏడుపు చూడలేక. అలా చేస్తే పిల్లకి నిద్ర లేస్తే అమ్మ ఉండదేమో అన్న భయం పట్టుకుంటుంది, నువ్వున్న రెండ్రోజులూ కూడా నిన్ను నమ్మదు. ఏడ్చినా సరే చెప్పి వెళ్ళు. క్యాలెండర్‌లో నువ్వు వచ్చే రోజు మీద పాప చేతే బొట్టుబిళ్ళ అంటించు. రోజూ ఒకే టైముకి ఫోన్ చెయ్, మధ్యాహ్నం ఖాళీ దొరికింది కదా అని ఒక రోజు రెండింటికి, ఒక రోజు రాత్రి పదింటికి చేస్తే పసిదానికి అర్థం కాదు. ఒకసారి అమ్మనీ పాపనీ వైజాగ్ తీసుకొచ్చి నీ మంచం, నీ తెల్ల యూనిఫాం, నీ పుస్తకాలు చూపించు. అమ్మ ఎక్కడికి వెళ్తుందో కళ్ళతో చూసిన పిల్ల వేరు, "అమ్మ ఊరెళ్ళింది" అని విన్న పిల్ల వేరు. మీ ఆయన కూడా చెన్నై నుంచి నువ్వు రాని వారాల్లో వచ్చేలా చూసుకోండి, తండ్రి దూరంగా ఉంటే ఉద్యోగం, తల్లి దూరంగా ఉంటే వదిలేయడం అనే మాట నేను ఒప్పుకోను.

ఎవరైనా మళ్ళీ అంటే ఎ. లలిత గారి గురించి చెప్పు. అయ్యలసోమయాజుల లలిత, మన తెలుగావిడ, 1919లో మద్రాసులో పుట్టారు. 15 ఏళ్ళకే పెళ్ళి, 1937లో పాప పుట్టింది, ఆ పాపకి నాలుగు నెలలప్పుడు భర్త పోయారు. ఆ రోజుల్లో అలాంటి పిల్లని ఇంట్లో ఓ మూల కూర్చోబెట్టేవాళ్ళు. ఆవిడ 1940లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు, ఎలక్ట్రికల్ తీసుకున్నారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు అదే కాలేజీలో ప్రొఫెసర్, కూతురికి సీటివ్వమని ప్రిన్సిపాల్‌ని ఒప్పించింది ఆయనే. ఆవిడ ఉన్నది హాస్టల్లో, పాప ఉన్నది బంధువుల ఇంట్లో, వారాంతాల్లో వెళ్ళి చూసొచ్చేవారు, నీలాగే. చదువు పూర్తయితే సర్టిఫికెట్ మీద మగవాళ్ళ కోసం అచ్చేసిన మాట కొట్టేసి ఆడవాళ్ళ మాట చేత్తో రాసి ఇచ్చారట. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు ఆవిడ, భాక్రా నంగల్ డ్యామ్ పనుల్లో ఉన్నారు, 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, సైంటిస్టుల మొదటి అంతర్జాతీయ సదస్సుకి వెళ్ళారు. పాపని వేరే ఇంట్లో ఉంచి చదివిన ఆ ఏళ్ళని ఇవాళ ఎవరైనా వదిలేయడం అంటారా?

ప్రశ్న: అమ్మా, నేను కోడలి తరఫున కాదు, అత్త తరఫున రాస్తున్నాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాకు 59. మా అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. కోడలు ఎంటెక్ చేస్తానంటోంది, తెలివైన పిల్ల, చదవొద్దని నేనెప్పుడూ అనలేదు. మనవడికి పదకొండో నెల. రెండేళ్ళు వచ్చి ఉండమంటున్నారు. నాకు మోకాళ్ళు అరిగిపోయాయి, మూడో అంతస్తు, లిఫ్టు తరచూ పనిచెయ్యదు. ఇక్కడ ఆయనకి షుగరు, గేదె ఉంది. రానంటే చెడ్డ అత్తనవుతాను. వస్తానంటే నావల్ల కాదు. ఎవరికి చెప్పుకోను?

జవాబు: అక్కయ్యగారూ, మీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. కోడలి చదువు గురించి మాట్లాడే ప్రతిచోటా "అత్తగారు సపోర్ట్ చేయాలి" అని ఒక్క లైను రాసేసి ముందుకెళ్ళిపోతాం, నేను కూడా ఎన్నోసార్లు అలాగే రాశాను. ఆ సపోర్ట్ అంటే పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిదిదాకా పాకే పిల్లాడి వెనక వంగి లేవడం అని, ఆ వంగే మనిషికి మోకాళ్ళు ఉంటాయని ఎవరూ రాయరు.

మీకొక సంగతి చెప్తాను. నా పరీక్షలప్పుడు వేపచెట్టు కింద కూర్చున్న మా అమ్మ గురించి పైన రాశాను కదా. ఆ తర్వాత నేను బీఈడీ చేసిన రోజులూ, ఉద్యోగంలో చేరిన కొత్తా మా వాడిని అమ్మే చూసింది. వాడు స్కూల్లో చేరాక ఒక రోజు అమ్మ పెట్టె సర్దుతుంటే పంచాంగం పుస్తకంలో మడిచిపెట్టిన కంటి డాక్టర్ చీటీ దొరికింది. రెండు కళ్ళకీ శుక్లాలు, ఆపరేషన్ చేయించుకోవాలి అని. తేదీ చూస్తే రెండేళ్ళ కిందటిది. ఆపరేషన్ చేయించుకుంటే పిల్లాడిని ఎత్తుకోకూడదంటారని, నా చదువు ఆగిపోతుందని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆ రెండేళ్ళూ ఆవిడ బియ్యంలో రాళ్ళు చేత్తో తడిమి ఏరడం నేను చూశాను, వయసు కదా అనుకున్నాను. నేను కాలేజీలో దాచాను, అమ్మ నా దగ్గర దాచింది. మీరు దాచకుండా రాశారు, అందుకే మీ మీద నాకు గౌరవం.

కాబట్టి వస్తాను, రాను అనే రెండు మాటలూ పక్కన పెట్టి మూడో మాట చెప్పండి. మీరు ఏం చేయగలరో గంటల్లో, నెలల్లో చెప్పండి. "మొదటి సెమిస్టర్ నాలుగు నెలలు ఉంటాను, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదింటిదాకా పిల్లాడిని చూస్తాను, స్నానం చేయించడం, ఎత్తుకుని కిందికి దింపడం నావల్ల కాదు" అని. ఇలా చెప్పడం కఠినం కాదు, అబ్బాయీ కోడలూ మిగతా గంటలకి దారి వెతుక్కోవాలంటే ఈ లెక్క కావాలి. లెక్క లేకపోతే వాళ్ళు మీరున్నారన్న ధైర్యంతో ఏ ఏర్పాటూ చేసుకోరు, మూడో నెలలో మీరు మంచాన పడితే అప్పుడు చదువు ఆపేది కోడలే.

మిగతా గంటలు ఎవరివి అంటే మొదటి వంతు మీ అబ్బాయిది. ఈ మాట కోడలు చెబితే గొడవవుతుంది, నేను చెబితే కాగితం మీద ఉంటుంది, మీరు చెబితే వింటాడు. పొద్దున స్నానం, రాత్రి నిద్రపుచ్చడం, కోడలి ఇంటర్నల్స్ వారం ఆఫీసుకి సెలవు పెట్టడం, ఇవన్నీ తండ్రి పనులే. రెండో వంతు డబ్బిచ్చి పెట్టుకునే మనిషిది, పూర్తి రోజుకి ఆయాని పెట్టుకునే స్తోమత లేకపోతే నాలుగు గంటలకి పెట్టుకోండి, మీరు దగ్గరుండి చూస్తారు, వంగే పని ఆవిడ చేస్తుంది. మూడోది క్రెష్, అంటే పగలు డబ్బు తీసుకుని పసిపిల్లల్ని చూసుకునే చోటు. ఏడాది నిండిన పిల్లాడిని సగం పూటకి ఇవ్వొచ్చు, మీకు ఇష్టం లేకపోవచ్చు, పరాయివాళ్ళ చేతుల్లో పెట్టడమేమిటి అనిపించొచ్చు, కానీ ఒకసారి మీరే కోడలితో వెళ్ళి అక్కడ గంట కూర్చుని చూసిరండి, పిల్లల్ని ఎలా పిలుస్తున్నారో, గుడ్డలు తడిస్తే ఎంతసేపటికి మారుస్తున్నారో మీ కళ్ళకి తెలిసినట్టు మీ కోడలికి తెలియదు. కొన్ని యూనివర్సిటీ క్యాంపస్‌లలో ఉద్యోగుల పిల్లల కోసం డే కేర్ ఉంటుంది, యూజీసీ ఒకప్పుడు దీనికి స్కీమే పెట్టింది, అందులో మూడు నెలల నుంచి ఆరేళ్ళదాకా పిల్లలు, చదువుకునేవాళ్ళ పిల్లలు కూడా అర్హులే. కోడలు చేరే కాలేజీలో ఉందేమో అడగమనండి, ఉండి కూడా స్టాఫ్‌కే అంటే స్టూడెంట్స్‌కి ఎందుకు ఇవ్వరని రాతపూర్వకంగా అడగమనండి. ఉద్యోగినులకైతే 2017లో వచ్చిన చట్ట సవరణ నుంచి 50 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలో క్రెష్ ఉండి తీరాలి, చదువుకునే తల్లికి అలాంటి చట్టం లేదు, మీలాంటివాళ్ళ మోకాళ్ళ మీదే నడుస్తోంది అంతా.

ఇంకొకటి, రైలెక్కేముందు మోకాళ్ళ డాక్టర్‌కి చూపించుకోండి, ఆ ఖర్చు మీ అబ్బాయి చేత పెట్టించండి. బావగారినీ తీసుకెళ్ళే వీలుంటే తీసుకెళ్ళండి, గేదె సంగతి మీకే బాగా తెలుసు. ఈ ఉత్తరం, ఈ జవాబూ కోడలికి చదివి వినిపించండి. తెలివైన పిల్ల అన్నారుగా, అర్థం చేసుకుంటుంది.

ప్రశ్న: తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నానండి. నా భార్య బ్యాంకులో పని చేస్తుంది, పాపకి ఏడాదిన్నర. పగలు ఎక్కువగా నేనే చూసుకుంటాను. పాపకి జ్వరం వచ్చి ల్యాబ్‌కి రాలేనంటే మా గైడ్ "అది ఆడవాళ్ళ పని కదా" అన్నారు. మగవాళ్ళకి ఏమైనా లీవు ఉందా?

జవాబు: తమ్ముడూ, మీరు చేస్తున్నది మీ పనే, ఆ మాటకి కుంగిపోకండి. లీవు విషయానికొస్తే యూజీసీ 2022 పీహెచ్‌డీ రూల్స్‌లో మెటర్నిటీ, చైల్డ్ కేర్ కలిపి కోర్సు మొత్తంలో 240 రోజులదాకా ఇవ్వొచ్చని ఉంది గానీ అది మహిళలకే. తండ్రికి అలాంటిది రాయలేదు, రాయాలి. బిడ్డకి జ్వరం వస్తే తండ్రి ఇంట్లో ఉండే వీలు రూల్స్‌లోనే లేకపోతే తల్లి ఉద్యోగమో చదువో దెబ్బతింటుంది, కాబట్టి ఇది మగవాళ్ళ కోసం అడగడం కాదు.

మీ చేతిలో ఉన్నది టైము. పీహెచ్‌డీకి ఆరేళ్ళు, ఆ పైన రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్ళదాకా అవకాశం ఉంది. గైడ్ గారి దగ్గరికి పాప బాగున్న రోజు వెళ్ళి, వారంలో ఏ రోజులు ఏ గంటలు ల్యాబ్‌లో తప్పకుండా ఉంటారో రాసి ఇవ్వండి, చెప్పిన గంటలు తప్పకండి. ఆ తర్వాత జ్వరం వచ్చిన రోజు మీ మాటకి బరువుంటుంది. (ఈ పేజీ చదివే అమ్మాయిలకి కూడా, పీహెచ్‌డీలో మీకు అదనంగా రెండేళ్ళ సడలింపు ఉంది, మొత్తం పదేళ్ళు మించకుండా. పరిశోధన చేసేవాళ్ళకి నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్‌కి వయసు 30 దాకా అయితే మహిళలకి 35 దాకా. సైన్స్‌లో చదువు మధ్యలో ఆగినవాళ్ళు 27 నుంచి 45 ఏళ్ళ మధ్య ఉంటే కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ వాళ్ళ వైజ్ పీహెచ్‌డీ ఫెలోషిప్ నోటిఫికేషన్ చూస్తూ ఉండండి.)

ప్రశ్న: డల్లాస్ నుంచి రాస్తున్నాను. మా వారు ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద పీహెచ్‌డీ, నేను ఆయన భార్యగా ఎఫ్2 వీసా మీద ఉన్నాను. బాబుకి ఎనిమిది నెలలు. నేను మాస్టర్స్ చేద్దామనుకుంటున్నాను, ఇలాగే చేరిపోవచ్చా?

జవాబు: ఎఫ్2 మీద పార్ట్ టైమ్‌గా చదవొచ్చు, ఫుల్ టైమ్ డిగ్రీ కుదరదు, దానికి ఎఫ్1కి మారాలి. తెలిసినవాళ్ళ గ్రూపుల్లో చెప్పేవి నమ్మి చేరకండి, అడ్మిషన్ ఇచ్చే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో మాట్లాడాకే ఫీజు కట్టండి. క్యాంపస్ డే కేర్ ఉంటే సీటు రాకముందే బాబు పేరు వెయిటింగ్ లిస్టులో పెట్టించండి.

ప్రశ్న: మిర్యాలగూడ. 37 ఏళ్ళు. ఇంటర్ పాసైన యేడే పెండ్లయింది. ఇంట్లనే మిషన్ కుడుత. బిడ్డ టెన్త్, కొడుకు ఏడు. డిగ్రీ చదవాలని ఉంది గని బిడ్డ ముంగట పుస్తకం పట్టుకోవాలంటే సిగ్గయితుంది. ఈ వయసుల ఎవలన్న చేర్చుకుంటరా?

జవాబు: చేర్చుకుంటారు అక్కా, మీలాంటివాళ్ళ కోసమే 1982లో మన దగ్గర ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు, దేశంలోనే మొదటిది అది, 1991 నుంచి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నాం. ఇంటర్ పాసయ్యారు కాబట్టి నేరుగా డిగ్రీలో చేరొచ్చు. రోజూ కాలేజీకి వెళ్ళక్కర్లేదు, పుస్తకాలు ఇస్తారు, స్టడీ సెంటర్లో క్లాసులు ఎక్కువగా ఆదివారాలే ఉంటాయి. కేంద్రం వాళ్ళ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో కూడా ఉంది, మూడేళ్ళ డిగ్రీని ఆరేళ్ళదాకా నిదానంగా పూర్తి చేసుకోవచ్చు, పెళ్ళిళ్ళ సీజన్లో బ్లౌజులు ఎక్కువ వచ్చినప్పుడు కాస్త వెనకబడినా భయం లేదు.

సిగ్గు గురించి. 1958లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు సెంట్రల్ సోషల్ వెల్ఫేర్ బోర్డు నడిపిస్తున్నప్పుడు చదువు మధ్యలో ఆగిన పెద్ద వయసు ఆడవాళ్ళ కోసం కండెన్స్‌డ్ కోర్సులని పెట్టారు, రెండేళ్ళలో మెట్రిక్‌కి, అంటే ఆనాటి టెన్త్‌కి, తయారు చేసేవి. దుర్గాబాయి గారు కూడా మామూలు వయసులో మామూలుగా చదివినావిడ కాదు, ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు, ఆ పెళ్ళిలోంచి బయటికొచ్చి, జైలుకెళ్ళొచ్చాక మెట్రిక్ రాసి, బీఏ చేసి, లా చదివారు. మీ పాప టెన్త్ కదా, సాయంత్రం ఏడింటి నుంచి ఎనిమిదిన్నరదాకా మీ ఇద్దరికీ ఒకటే టేబుల్, ఒకటే లైటు. ఆ టైములో మిషన్ మీద గుడ్డ కప్పేయండి, బ్లౌజు కోసం ఎవరొచ్చినా రేపు రమ్మని మీ అబ్బాయి చేత చెప్పించండి. అన్నం వడ్డించుకోవడం ఇంట్లో అందరికీ వచ్చు. ఈసారి అడ్మిషన్ నోటిఫికేషన్ పేపర్లో పడగానే మీ ఇంటర్ మెమో, టెన్త్ మెమో, ఆధార్ తీసుకుని స్టడీ సెంటర్‌కి వెళ్ళండి, పెళ్ళి తర్వాత ఆధార్‌లో ఇంటిపేరు మారి ఉంటే మెమోలో పేరుతో కలవదు, ఏం చేయాలో అక్కడే అడగండి. ఫారం మీ పాప చేత నింపించుకోండి, మీడియం అన్నచోట తెలుగు అని టిక్ పెట్టిందో లేదో ఒకసారి చూసుకోండి.